కుంభారి నుంచి దవాఖానా దారి

షోలాపూర్ దాటి అక్కల్‌కోట్ రోడ్డు మీద పోతే కుంభారి దగ్గర మా ఇళ్ళు కనిపిస్తాయి. బీడీలు చుట్టే ఆడవాళ్ళ కోసం కట్టిన పదివేల ఇళ్ళు. ఆడం మాస్తర్ ముందుండి నడిపిన పోరాటం వల్ల వచ్చాయి. 2006లో మాకు తాళాలు ఇచ్చారు. కాలనీకి గోదూతాయి పరుళేకర్ పేరు పెట్టారు. మా అత్తమ్మ పెళ్ళయ్యాక సిరిసిల్ల దిక్కు నుంచి ఈ ఊరికి వచ్చి, జోడ్‌భావి పేటలో కిరాయి ఖోలీలోనే ముసలిదైంది. నా పేరు మీద ఇల్లు వచ్చిందని తెలిసిన నాడు ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. “ఈ చేతులే సంపాయించినయి బిడ్డా ఈ ఇల్లు” అంది.

ఆ చేతుల గురించే ఇప్పుడు చెబుతున్నాను. చెబుతున్నాను అనే అనాలి, ఎందుకంటే కలం పట్టుకుంటే నాలుగు లైన్లకే వేళ్ళు బిర్రబిగుస్తాయి. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. తను చదివింది మరాఠీ బడిలోనే గానీ, తెలుగు అక్షరాలు ఇంట్లో నేనే దిద్దించాను. తప్పులుంటే మా ఇద్దరివీ.

రోజుకు వెయ్యి బీడీలు చుట్టిన చేతులు నావి. చూసేవాళ్ళకు అది కూర్చుని చేసే సుళువు పనిలా ఉంటుంది. తడిపిన తునికాకు మీద రేకు ముక్క పెట్టి, కత్తెరతో కొలతకు కత్తిరించాలి. చిటికెడు తంబాకు పోసి వేళ్ళ మధ్య దొర్లించాలి. కొస మడవాలి, దారం చుట్టాలి. అన్నీ వేలికొసల పనులే. 2014 చలికాలంలో, నాకు ముప్పై తొమ్మిదేళ్ళప్పుడు, ఒకరోజు పొద్దున లేచేసరికి వేళ్ళు ముడుచుకోలేదు. రెండు చేతులకూ ఒకేసారి. గంట, గంటన్నర గడిస్తే గానీ పిడికిలి పడేది కాదు. మధ్యాహ్నానికి కాస్త వదులయ్యేది, రాత్రికి మళ్ళీ సలుపు. వెయ్యి బీడీలు ఎనిమిది వందలయ్యాయి, తర్వాత ఐదు వందలు, ఆ తర్వాత మూడు వందలు. కార్ఖానాలో లెక్క చూసే ఆయన “ఏం మావశీ, పని మీద మనసు లేదా?” అని అడిగేవాడు. నేను నవ్వేసి ఊరుకునేదాన్ని.

ఏడాది పాటు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న నొప్పి గోళీలతో, ఆముదం కాపడంతో నెట్టుకొచ్చాను. ఆకు కత్తిరించే వాళ్ళందరికీ ఇంతే అనుకున్నాను. చివరికి ఒక డాక్టరు రక్తం పరీక్ష చేయించి చెప్పాడు, ఇది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని. మరాఠీలో ఆమవాత్ అంటారు, మనం కీళ్ళవాతం అంటాం. వయసు మీద పడి మోకాళ్ళు అరగడం వేరు, ఇది వేరు. రోగాల మీద పోరాడాల్సిన మన ఒంటి బలమే దారి తప్పి మన కీళ్ళ లోపలి పొర మీద పడుతుందట. చేతుల్లోని చిన్న కీళ్ళతో మొదలై రెండు వైపులా వస్తుంది. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువ. మందు ఎంత తొందరగా మొదలుపెడితే కీళ్ళు అంతగా దక్కుతాయి. నేను ఒక ఏడాది పోగొట్టుకున్నాను. అప్పటికే నా వేళ్ళు చిటికెన వేలి వైపు వాలిపోవడం మొదలుపెట్టాయి.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. దీనికిచ్చే మెథోట్రెక్సేట్ గోళీ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. మా ఇంట్లో గోడ మీది క్యాలెండర్లో ఆదివారాలకు మా అమ్మాయి ఎర్ర సున్నా చుట్టి పెడుతుంది. మధ్య మధ్య రక్తం పరీక్షలు కూడా తప్పవు.

బీడీ పని పూర్తిగా ఆగిపోయిన ఏడాదే మా ఆయన లూమ్ కార్ఖానా కూడా మూతపడింది. ఇరవై రెండేళ్ళు టవళ్ళు నేసిన మనిషి రాత్రి వాచ్‌మన్‌గా చేరాడు. నెలకు నాలుగు వేలు. నా మందులు, పరీక్షలు, అమ్మాయి చదువు, అత్తమ్మ కళ్ళ ఆపరేషను, అన్నీ ఆ నాలుగు వేల చుట్టూనే తిరిగేవి. అప్పుడు ఎవరో అన్నారు, అపంగ్ సర్టిఫికెట్ తీసుకుంటే సంజయ్ గాంధీ నిరాధార్ పింఛను వస్తుందని.

ఆ మాటకు నాకు ముందు కోపమొచ్చింది. అపంగ్ అంటే కాలు లేనివాళ్ళు, చూపు లేనివాళ్ళు. నాకు రెండు చేతులూ ఉన్నాయి కదా అనుకున్నాను.

మొదటిసారి 2022 వానాకాలంలో బయల్దేరాను. ఈ దారి మీలో చాలామందికి తెలిసిందే. కాలనీ ముందు షేర్ రిక్షా ఎక్కాలి. ఎక్కడమంటే పైనున్న కడ్డీ పట్టుకుని లేవాలి. నా చేతికి ఆ కడ్డీ పట్టు దొరకదు, అందుకని మోచెయ్యి తగిలించి ఎక్కుతాను. పక్కవాళ్ళు కొంచెం విచిత్రంగా చూస్తారు. రిక్షా ఎం.ఐ.డి.సి. పక్క నుంచి పోతున్నప్పుడు లూముల చప్పుడు రోడ్డు మీదికి వినిపిస్తుంది. మా ఆయన పక్కనుంటే ఆ చప్పుడు విని ఎన్ని లూములు నడుస్తున్నాయో, ఎన్ని ఆగాయో చెప్పేస్తాడు. అశోక్ చౌక్ వచ్చేసరికి మన ఊరు మొదలైనట్టే. దుకాణాల మీద అక్షరాలు మరాఠీవి, ఇంటి పేర్లు తెలుగువి. ఎవరో ఎవర్నో “ఓ బావా” అని పిలుస్తుంటారు. కన్నా చౌక్‌లో దిగి ఇంకో రిక్షా మారాలి. అక్కడి నుంచి పెద్ద దవాఖానా వైపు పోతున్నకొద్దీ తెలుగు మాట పలచబడుతుంది. గేటు దగ్గరికి చేరేసరికి అంతా మరాఠీనే.

నేను షోలాపూర్‌లో పుట్టి పెరిగినదాన్ని. మరాఠీ రాదంటే ఎవరూ నమ్మరు. కూరగాయలు బేరమాడతాను, రేషన్ దుకాణంలో కొట్లాడతాను. కానీ ఆ రోజు దవాఖానాలో నాకో సంగతి తెలిసింది. నా దగ్గరున్న మరాఠీ అంతా బజారు మరాఠీ. నొప్పికి అందులో నాకొచ్చింది ఒకటే మాట, దుఖ్‌తంయ్. మన భాషలోనైతే సలుపు, గుంజుడు, తిమ్మిరి, మంట, పట్టేసుడు, బిర్రబిగుసుడు అని ఎన్ని మాటలు! నా చేతుల్లో ఏ పూట ఏది ఉంటుందో నాకు తెలుసు. అవన్నీ ఆ గదిలో ఒక్క దుఖ్‌తంయ్ అయిపోయాయి.

కేస్ పేపర్ తీసి, లైన్లో నిలబడి, నా వంతు వచ్చేసరికి పదకొండున్నర. పొద్దున్నే రెండు నొప్పి గోళీలు వేసుకుని బయల్దేరాను. నలుగురిలోకి పోతున్నామని మా అమ్మాయి చేత జడ గట్టిగా వేయించుకుని, మంచి చీర కట్టుకున్నాను. డాక్టరు మర్యాదగానే మాట్లాడాడు. బొటన వేలిని ఒక్కొక్క వేలికీ ఆనించమన్నాడు. తాళం చెవి ఇచ్చి పట్టుకోమన్నాడు. గ్లాసు పట్టుకోమన్నాడు. బంతి ఇచ్చాడు. సంచి వేళ్ళకు తగిలించుకుని లేపమన్నాడు. మణికట్టు ఎంత వంగుతుందో కొలిచాడు. చెయ్యి ఎంత లోపించిందో ఈ పనులన్నిటినీ చూసి లెక్క కడతారు.

ఒక్కో పని చెబుతుంటే నేను పళ్ళు బిగపట్టి చేసి చూపించాను. సంచి లేపితే మణికట్టులో నిప్పు పెట్టినట్టయింది, అయినా దించలేదు. “జమ్‌తంయ్ కా మావశీ?” అని అడిగాడు, చేతనవుతోందా అని. నేను “చాల్‌తంయ్, చాల్‌తంయ్” అన్నాను. నడుస్తది అన్నమాట. మనవాళ్ళం రోజుకు యాభైసార్లు అనే మాట. జ్వరమొస్తే నడుస్తది, జీతం తగ్గిస్తే నడుస్తది, కూర లేకుంటే నడుస్తది.

వచ్చిన లెక్క 28 శాతం. తాత్కాలికం, ఏడాది తర్వాత మళ్ళీ చూపించుకోవాలి. కొన్ని వారాలకు తెల్ల కార్డు వచ్చింది. తెల్లది 40 లోపు వాళ్ళకు, పసుపుపచ్చది 40 నుంచి 80 లోపు వాళ్ళకు, నీలంది 80, ఆ పైన ఉన్నవాళ్ళకు. పింఛనుకైనా, ఎస్.టి. బస్సు రాయితీకైనా 40 ఉండాలి. తెల్ల కార్డుతో ఏదీ రాదు. నాకు బాధ కలగలేదు సరికదా, ఎక్కడో చిన్న గర్వం కూడా కలిగింది. చూశారా, నాకేం కాలేదు అని. ఆ కార్డును ట్రంకు పెట్టె అడుగున, పాత పట్టు చీర కింద పెట్టేశాను.

దాచడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా అమ్మాయికి భివండి నుంచి ఒక సంబంధం మాట నడుస్తోంది. అత్తమ్మ చెవిలో చెప్పింది, “తల్లికి అపంగ్ కార్డు ఉన్నదని తెలిస్తే రేపు పిల్లకు గూడ వస్తదంటరు. ఎవ్వరికి చెప్పకు.” పెళ్ళిచూపులకు వాళ్ళు వచ్చినప్పుడు చాయ్ కప్పుల తట్ట పక్కింటి వదినె చేత పంపించాను. నేను తెస్తే చెయ్యి వణికి కప్పులు గలగలమంటాయని భయం. పెళ్ళికొడుకు తల్లి నా చేతుల వైపు చూసింది. కొంగు కప్పుకున్నాను.

ఆ ఏడాది అట్లాగే గడిచింది. ఇంట్లో నేను చేయలేని పనులు ఒకటొకటిగా వేరేవాళ్ళ చేతికి పోయాయి. జొన్న రొట్టె తట్టడం అమ్మాయి చేస్తోంది. తడి బట్టలు పిండడం మా ఆయన. నల్లా గట్టిగా తిప్పి కట్టేయడం కూడా ఆయనే. నేను చూసీ చూడనట్టు ఉండేదాన్ని, వాళ్ళూ అంతే.

2023లో నూలు పున్నమి వచ్చింది. షోలాపూర్‌లో నూలు పున్నమి అంటే మార్కండేయుని రథం. పొద్దుటి నుంచీ తూర్పు పేటలన్నీ రోడ్డు మీదే ఉంటాయి. ఎక్కడెక్కడ స్థిరపడ్డ ఆడబిడ్డలూ ఆ రోజుకు పుట్టింటికి వస్తారు. నేనూ సాఖర్ పేటలో మా తమ్ముడి ఇంటికి పోయాను. తమ్ముడు పీట మీద కూర్చున్నాడు. బొట్టు పెట్టాను. రాఖీ మణికట్టుకు చుట్టాను. ముడి పడలేదు.

దారం రెండు కొసలూ పట్టుకున్నాను. ఒకటి జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాను. రెండోది జారింది. లూము మీద పోగు తెగితే కళ్ళు మూసుకుని ముడి వేసే నాయన బిడ్డను నేను. వెయ్యి బీడీలకు వెయ్యిసార్లు దారం చుట్టినదాన్ని. ఇంట్లో అందరూ చూస్తున్నారు. తమ్ముడు మెల్లగా అన్నాడు, “అక్కా, నువ్వు కొస పట్టుకో, నేను పండ్లతోటి గుంజుత.” అట్లాగే కట్టుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. బయట రథం ముందు డప్పులు మోగుతున్నాయి. నేను వంటింట్లోకి పోయి నీళ్ళ కుండ పక్కన కూర్చుని ఏడ్చాను. నడుస్తది అనే మాట ఆ రోజు నా నోటికి రాలేదు.

వారం తర్వాత మళ్ళీ అదే దారి పట్టాను. ఈసారి అమ్మాయిని వెంట తీసుకుపోయాను. ముందు రాత్రి తను ఒక నోటుబుక్కు తెచ్చి, “అమ్మా, పొద్దున లేచినప్పటి నుంచి చెప్పు. ఏది చేస్తవు, ఏది చెయ్యలేవు, ఎంతసేపు పడతది” అంది. నేను తెలుగులో చెప్పాను, తను మరాఠీలో రాసింది. లేచాక వేళ్ళు వదులవడానికి గంటన్నర. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేను. జడ వేసుకోలేను. చెంబు ఒక చేత్తో ఎత్తలేను. సీసా మూత తీయలేను. రొట్టె తట్టలేను. కత్తెర ఆడించలేను. ఆఖరి బీడీ చుట్టింది ఎప్పుడో కూడా రాయించాను. ఒక పేజీ నిండింది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ అన్నీ ఒక్కచోట చూసుకుంటే ఈ మనిషి నేనేనా అనిపించింది.

ఆ కాగితంతో పాటు పాత ఫైలంతా తీసుకుపోయాం. మందు చీటీలు, రక్తం పరీక్షలు, చేతుల ఎక్స్‌రేలు, పాతవీ కొత్తవీ. డాక్టరు రెండు ఎక్స్‌రేలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. ఆ రోజు ఫిజియోథెరపీ చేసే ఒక అమ్మాయి కూడా ఉంది. మేం తల్లీబిడ్డలం గుసగుసలాడుకోవడం విని, “మీరు మనోళ్ళా?” అని తెలుగులో అడిగింది. ప్రాణం లేచొచ్చింది.

తాళం చెవి ఇచ్చారు. పట్టుకున్నాను. అలవాటు కొద్దీ పళ్ళు బిగపట్టాను. ఆ అమ్మాయి చూసి, “అత్తా, ఇది పాసయ్యే పరీక్ష కాదు. ఇంట్ల తాళం తీసేటప్పుడు ఎట్ల పట్టుకుంటరో అట్లనే పట్టుకోండి” అంది. ఇంట్లో నేను తాళం తీయను. తలుపు తట్టి నిలబడతాను. ఆ మాటే చెప్పాను. తను డాక్టరుకు మరాఠీలో చెప్పింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను, ఇంట్లో పట్టుకున్నట్టే. సంచి లేపమంటే, “వద్దు బిడ్డా, సలుపు రెండు రోజులు పోదు” అన్నాను. అట్లా అనడం నా బతుకులో అదే మొదటిసారి అనుకుంటాను.

కుడి చేతికి 30, ఎడమ చేతికి 20 వచ్చాయి. నేను 50 అనుకున్నాను. కాదు. ఈ లెక్కలో రెండూ నేరుగా కూడరు. పెద్ద అంకె అట్లాగే ఉంచి, 90లో మిగిలినదాన్ని బట్టి రెండోదాన్ని తగ్గించి కలుపుతారు. 30 తీసేస్తే మిగిలింది 60. 90లో 60 అంటే మూడింట రెండు వంతులు. 20లో మూడింట రెండు వంతులు 13 చిల్లర. మొత్తం 43. అమ్మాయి నోటుబుక్కు వెనక రెండుసార్లు లెక్క చేసి చూసుకుంది. సర్టిఫికెట్ ఐదేళ్ళకు ఇచ్చారు. జబ్బు తగ్గొచ్చు, పెరగొచ్చు కాబట్టి తర్వాత మళ్ళీ చూపించాలి.

ఏడాదిలో 28 నుంచి 43 ఎట్లా అయిందని మీరడగొచ్చు. కొంత జబ్బు ముదిరింది, ఎక్స్‌రేలే సాక్ష్యం. మిగతాది మొదటిసారి నేను దాచుకున్నది. దాచింది నేనే, ఎవర్నీ అనడానికి లేదు.

అక్కడి నుంచి పింఛను దారి. అది ఇంకో ప్రయాణం. మన బస్తీల్లో చాలామంది అడుగుతున్నారు కాబట్టి వివరంగా చెబుతాను. సంజయ్ గాంధీ నిరాధార్ యోజనకు వయసు 18 నుంచి 65 లోపు ఉండాలి, మహారాష్ట్రలో పదిహేనేళ్ళుగా ఉంటున్నట్టు రుజువు ఉండాలి. దివ్యాంగులైతే 40 శాతం సర్టిఫికెట్, ఇంటి ఆదాయం ఏడాదికి 50,000 దాటకూడదు. తలాఠీ దగ్గర రహివాసీ దాఖలా, తహసీల్ నుంచి ఆదాయం దాఖలా, రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, వయసు రుజువు కావాలి. మా ఆయన నాలుగు వేలను పన్నెండుతో గుణిస్తే 48,000. గీతకు రెండు వేలు ఇటు ఉన్నాం. ఆ పొద్దున మా ఆయన అన్నాడు, “జీతం పెంచలేదని సేఠును తిట్టుకున్న. ఇప్పుడు మొక్కాల్సి వస్తున్నది.”

దాఖలాల కోసం ఎన్నిసార్లు తిరిగానో లెక్క పెట్టలేదు. తిరిగిన ప్రతిచోటా నేను చూసుకున్నవి మాత్రం గుర్తున్నాయి. ఎక్కడ మెట్లకు పట్టుకునే గోడ ఉంది, ఎక్కడ కూర్చునే బల్ల ఉంది, ఎక్కడ నల్లా తిప్పేది కాకుండా నొక్కేది ఉంది. సంతకం కూడా ఒక గండమే. బ్యాంకులో ఉన్న సంతకానికి ఇప్పుడు నా చెయ్యి పెట్టే సంతకానికి పోలిక లేదు. చివరికి బ్యాంకుకు పోయి బొటనవేలి ముద్రకు మార్పించుకున్నాను. ఏడు దాకా చదివినదాన్ని వేలిముద్ర వేస్తుంటే అక్కడ ఒక్క క్షణం తల వంగిపోయింది. తర్వాత అనుకున్నాను, ముద్ర కూడా నా చేతిదే కదా అని. ఒక ఏజెంటు మూడు వేలిస్తే అంతా తనే చూసుకుంటానన్నాడు. ఇవ్వలేదు. సర్టిఫికెట్‌కు గానీ కార్డుకు గానీ రుసుము లేదు. స్వావలంబన్ పోర్టల్లో అర్జీ నింపేటప్పుడు జబ్బు పేరు వెతకొద్దు. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, కీళ్ళవాతం పేరు ఆ జాబితాలో లేదు. కదలికలకు సంబంధించిన వైకల్యం, మరాఠీలో అస్థివ్యంగ్ అంటారు, దాని కింద పెట్టాలి. వాళ్ళు చూసేది జబ్బు పేరు కాదు, దాని వల్ల ఏ పని పోయిందన్నది.

2024 ఏప్రిల్‌లో నా ఖాతాలో మొదటిసారి 1,500 పడ్డాయి. 2025లో దివ్యాంగులకు దాన్ని 2,500 చేశారు. ఆ డబ్బుతో బతుకు మారిపోయిందని చెప్పను. వారం గోళీ ఏ నెలా ఆగలేదు. రక్తం పరీక్ష వాయిదా పడలేదు. అంతే. మందు ఆగకపోతే వేళ్ళు ఇంకా వంకర పోకుండా ఉంటాయి, నాకు కావాల్సిందీ అంతే. ఎస్.టి. బస్సులో పసుపుపచ్చ కార్డు చూపిస్తే టికెట్‌లో మూడు వంతులు మాఫీ. మొదటిసారి తుల్జాపూర్ బస్సులో కార్డు తీసినప్పుడు పక్క సీటు ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. చూడనీ అనుకున్నాను.

పీఎఫ్ నంబరు ఉన్న అక్కలు, అన్నలు ఇంకో సంగతి అడిగి తెలుసుకోండి. 1995 పింఛను పథకంలో, పనిలో ఉండగానే పూర్తిగా, శాశ్వతంగా పని చేయలేని స్థితి వస్తే పింఛను ఉంది. నాకు అది వర్తించలేదు, మీకు వర్తించొచ్చు. కాగితాలు పారేయకండి. పాత పాస్‌బుక్కు, పాత ఎక్స్‌రే, పాత చీటీ, ఏది ఎప్పుడు అక్కరకొస్తుందో తెలియదు.

భివండి వాళ్ళు మళ్ళీ ఫోను చేయలేదు. నా చేతులు చూసి మానుకున్నారో, కట్నం కుదరక మానుకున్నారో ఎవరికి తెలుసు. ఈ మాట ఇక్కడ రాయొద్దన్నాను. అమ్మాయి వినలేదు. “దాస్తే మళ్ళ మొదటికొస్తది అమ్మా” అని తనే రాసింది. అత్తమ్మ ఇప్పుడు ఆ సంగతి ఎత్తదు. పోయిన వారం నా కార్డు అడిగి తీసుకుని కళ్ళద్దాలు పెట్టుకుని ఫోటో చూసింది. “మంచిగనే పడ్డవు” అని తిరిగిచ్చింది. కార్డు ఇప్పుడు ట్రంకులో లేదు, దేవుని గూట్లో రేషన్ కార్డు పక్కన ఉంటుంది.

మా వెనక గల్లీలో ఒకామె ఉంది. నలభై రెండేళ్ళు. ఇంకా బీడీలు చుడుతోంది, రోజుకు నాలుగు వందలకు వచ్చింది. మొన్న నల్లా దగ్గర బిందెను మోచేతులతో ఎత్తుకోవడం చూశాను. ఆ ఎత్తడం నాకు తెలుసు. “డాక్టరుకు చూపించినవా?” అంటే ఆరు నెలల నుంచి మందు వాడుతున్నానంది. వచ్చే వారం దవాఖానాకు ఇద్దరం కలిసి పోదామన్నాను. కన్నా చౌక్‌లో రిక్షా మారేచోట ఎక్కడ నిలబడాలో నాకు బాగా తెలుసు. ఆమె నవ్వి, “నాకేమైంది వదినె, నడుస్తనే ఉన్నది” అంది.

“పొద్దున జడ నువ్వే వేసుకున్నవా?”

కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, “లే, కోడలు వేసింది” అంది.

“ఆడ గదే చెప్పు.”